60 లీటర్ల ట్యాంకులో నాచు తినడానికి ఏవి తెచ్చుకోవాలి?

మాది హైదరాబాద్. ఇంట్లో రెండడుగుల మంచినీటి అక్వేరియం ఉంది. అందులో గప్పీలు, నియాన్ టెట్రాలు, అనూబియాస్ మొక్కలు ఉన్నాయి. అద్దానికి గట్టి పచ్చ చుక్కలు, ఆకుల అంచులకు వెంట్రుకల్లాంటి నాచు పట్టాయి. లైటు రోజుకు 6 గంటలకు కుదించి, మేత తగ్గించి, వారం వారం కొంత నీరు మారుస్తున్నాను. కొత్తది తగ్గింది కానీ పాతది వదలడం లేదు.

షాపులో సక్కర్ ఫిష్ తీసుకోమంటున్నారు. అది అడుగు దాటి పెరుగుతుంది, ఇంత చిన్న ట్యాంకులో పెట్టడం దానికి అన్యాయమే. సియామీస్ ఆల్గే ఈటర్ కూడా 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది, వద్దనుకున్నాను. నెరైట్ నత్తలైతే మంచినీటిలో పిల్లలు బతకవు కాబట్టి సంఖ్య పెరుగుతుందన్న టెన్షన్ లేదు. కానీ అవి అంటించే తెల్లటి గుడ్లను ఎలా గీకుతున్నారు?

నాచు తినే చిన్న చేప ఓటోసింక్లస్ (ఓటో) అంటే నాకు చాలా ఇష్టం. అయితే మాది బోరు నీరు, కఠినత్వం ఎక్కువ. అలాంటి నీటిలో ఓటోల గుంపును ఎవరైనా ఏళ్ల తరబడి బతికించారా? నాచు అయిపోయాక ఏం పెట్టారు? వెంట్రుకల నాచును అమానో రొయ్యలు నిజంగా తింటాయా? స్వయంగా పెంచినవాళ్లు చెప్పండి, ఆ తర్వాతే కొంటాను.