శాలిహుండానికి పటం ముందా, ర్యాంపు ముందా?

వంశధార గట్టు: ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ విద్యార్థులకు ఏటా ప్రాజెక్టులు కావాలి. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, రామతీర్థం వెళ్లి గడప ఎత్తు, తలుపు వెడల్పు, మరుగుదొడ్డి కొలిచి, ఆన్‌లైన్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించవచ్చు కదా! చక్రాల కుర్చీలో వెళ్లగలరా, కొంతవరకేనా, అసలు కుదరదా అని తెలిపే గుర్తులు అందులో ముందే ఉన్నాయి.

చీపురుపల్లి మాస్టారు: శాలిహుండం స్తూపాలు కొండ మీద ఉన్నాయి. ఫోను చూస్తే కొండ దిగి వస్తుందా? ముందు ర్యాంపు వేయించండి.

వంశధార గట్టు: ఎలాంటి ర్యాంపు? ప్రమాణం 1:12. అంటే 60 సెంటీమీటర్ల అరుగుకు 7 మీటర్లకు పైగా వాలు. మనవాళ్లు రెండు మీటర్లలో ముగించి ఫొటో దిగుతారు. కొలిచేవాడుంటేనే ఆ గుట్టు బయటపడేది.

చీపురుపల్లి మాస్టారు: మళ్లీ లెక్కలా! మా మేనల్లుడు ఏదో కాలేజీలో ఇలాంటి యాప్ చేశాడు. మార్కులు పడ్డాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

టెక్కలి రాణి: అందుకే అందరూ దిద్దగలిగే పటంలో పెట్టమంటున్నారు.

చీపురుపల్లి మాస్టారు: నలుగురు కుర్రాళ్లుంటే కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారమ్మా. మా నాన్నగారిని శ్రీముఖలింగం అలాగే తీసుకెళ్లాం. ఆప్యాయత ఉంటే యాప్ ఎందుకు?

ఆమదాలవలస: ఎత్తించుకున్న ఆయన్ను ఎప్పుడైనా అడిగారా? నన్నూ ఒక గుడిలో ఎత్తారు. చంకల కింద ఎవరెవరివో చేతులు, జారిపోతున్న చీర, చుట్టూ ఫోన్లు. మెట్ల మధ్యలో ఒకతను ‘బాగా బరువుందిరా’ అని నవ్వాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. నాకు కావలసింది మీ దయ కాదు, నా అంతట నేను వెళ్లి రావడం. ఇంకో మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మీరిద్దరూ మాత్రం కుర్చీ దగ్గరే ఆగిపోయారు. చూపులేని నా స్నేహితురాలికి ర్యాంపుతో పనిలేదు. ఏ స్తూపం ఎటుందో, ఎంత పెద్దదో తెలుగులో వివరించే గొంతు ఫోనులో ఉండాలి. అది విశ్వవిద్యాలయం చేయగలిగిన పనే.

వంశధార గట్టు: కొలిచే బృందంలోకి మీరూ రండి.

ఆమదాలవలస: ఊరికేనా? విద్యార్థులకు మార్కులు, ఆచార్యులకు పరిశోధనాపత్రాలు, మాకు చప్పట్లు! రానుపోను ఆటో ఖర్చులు, రోజు కూలి ఇస్తే వస్తాను.

చీపురుపల్లి మాస్టారు: దేవుడి పనికి కూలా!

ఆమదాలవలస: శాలిహుండంలో ఉన్నది బుద్ధుడు మాస్టారూ. పైగా ఇది కొలతల పని.

టెక్కలి రాణి: కూలి ఎంతో ముందు తేల్చండి. నేనూ వస్తాను.