అప్‌డేట్: పై పళ్ళు లేని పడ్డ సంగతి

అమలాపురం దగ్గర ఒక ముర్రా జాతి పడ్డను (ఇంకా ఈనని గేదెను) చూశాం, మూడేళ్ళు దాటిందంటున్నారు, కానీ పైన ముందు పళ్ళే లేవు, కొనొచ్చా అని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే పశువుల డాక్టరు గారిని తీసుకెళ్ళి చూపించాం. పై ముందు పళ్ళు ఏ ఆవుకీ గేదెకీ ఉండవట, అక్కడ గట్టి చిగురే ఉంటుందట, ఆ టెన్షన్ పోయింది.

అసలు సంగతి కింద పళ్ళలో ఉంది. ముందు 8 పళ్ళూ సన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నబడి ఉన్నాయి, అంటే అన్నీ పాలపళ్ళే. గేదెల్లో సుమారు రెండున్నర, మూడేళ్ళ మధ్య నడిమి జత ఊడి వెడల్పాటి పళ్ళొస్తాయి, మేతను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, కాబట్టి దీనికి మూడేళ్ళు దాటాయంటే నమ్మడం కష్టమే అన్నారు. ఇంకోటి విని నవ్వొచ్చింది, పాలపళ్ళు 20, పెద్దయ్యాక 32, మనకీ గేదెకీ లెక్క ఒకటే, అదే కుక్కకైతే 28, 42 అట!

ధర తగ్గించమంటే అమ్మే ఆయన ఒప్పుకోలేదు, వదిలేశాం. మండపేట వైపు రెండు పళ్ళ పడ్డ, అంటే నడిమి జత వెడల్పాటి పళ్ళొచ్చినది, ఉంటే చెప్పండి.