అణుబాంబును తట్టుకున్న చెట్టు గింజలతో మొక్కలు నాటడం కళేనా?

అంటుకొమ్మ:
1945 ఆగస్టు 9న నాగసాకిలో సగం కాలిపోయి కూడా ఒక పెర్సిమన్ చెట్టు బతికింది. మన తునికికి దగ్గరి చుట్టం. 1994లో వృక్షవైద్యుడు మసయుకి ఎబినుమా దానికి చికిత్స చేసి, గింజలతో మొలకలు తీశారు. 1996 నుంచి కళాకారుడు తత్సువో మియజిమా ఆ మొక్కలను పిల్లలతో నాటించడాన్నే కళగా మలిచి, 1999లో ఇటలీలోని వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనకూ తీసుకెళ్లారు. నా అభ్యంతరం ఒక్కటే. గింజ మొలిస్తే వచ్చేది తల్లిచెట్టు కాదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి కాయదు, అంటు కట్టాలి. బాంబును చూడని మొక్కకు ఆ గౌరవం ఎందుకు?

సాగరతీరం:
ఆ మొక్కలను రెండో తరమనే చెబుతున్నారు. తల్లిచెట్టు అని ఎవరన్నారు? హిరోషిమాలో సుజుకో నుమతా అనే ఆమె బాంబు దాడిలో ఒక కాలు పోగొట్టుకున్నారు. కాలిన ఆవోగిరి చెట్టు చిగురించడం చూసి బతకాలనుకున్నారు. ఆ చెట్టు కిందే ఏళ్ల తరబడి పిల్లలకు తన కథ చెప్పి, 2011లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ కథ చెప్పడానికి నిలబడే చోటు ఉండాలి కదా?

గోదారిగట్టు:
హిరోషిమాలో బాంబును తట్టుకున్న చెట్ల గింజలు 2011 నుంచి వేరే దేశాలకూ పంపుతున్నారు.

అంటుకొమ్మ:
పంపితే సరిపోయిందా? మా ఊరి బడిలో అమరవీరుల పేరిట వేప మొక్కలు నాటారు. ఫొటోలయ్యాక చెంబెడు నీళ్లు పోసినవారు లేరు. వేసవికి మోడులయ్యాయి. ఇనుప కంచె మీద దాత పేరు మాత్రం ఇంకా మెరుస్తోంది. మొదట అంటు సంగతికి జవాబివ్వండి.

సాగరతీరం:
మీ బడివాళ్లు నీళ్లు పోయకపోతే నాగసాకి పిల్లలదా తప్పు? ఏళ్ల తరబడి ఎవరో ఒకరు నీళ్లు పోస్తేనే నిలిచే కళ ఇది. గోడకు తగిలించి మరిచిపోవడం కుదరదు. మీరు అంటు దగ్గరే ఆగిపోయారు. చనిపోయినవారి మీద మీకు జాలి లేదా?

అంటుకొమ్మ:
జాలి గురించి నాకు చెప్పకండి. మా తాతయ్య బర్మాలోని రంగూన్ రేవులో కూలీ. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి వచ్చారు. ఆయన చెల్లెలు దారిలోనే కలరాతో పోయింది, పూడ్చిన చోటు కూడా ఎవరికీ తెలియదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిందీ జపానే. వాళ్ల చెట్టు బిడ్డలకు లోకమంతా నీళ్లు పోయాలి, మా ఇంటి ఆడపడుచు పేరిట ఒక్క మొక్కా లేదు!

తంగేడుపూలు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది.

సాగరతీరం:
మీ బాధ న్యాయమైనది. హిరోషిమాలో చనిపోయిన కొరియన్ల కోసం 1970లో కట్టిన స్మారకం కూడా శాంతి వనం బయటే ఉండిపోయింది. 1999లో గానీ లోపలికి రాలేదు. వాళ్లు తమ చోటు అడిగారు, పక్కవారి మొక్క పీకమనలేదు. విశాఖ తీరంలో రంగూన్ బాటసారుల పేరిట చెట్లు పెడదాం, నేను వస్తాను.

అంటుకొమ్మ:
పెట్టండి. కానీ పెర్సిమన్ పక్కన పలకలో రంగూన్ సంగతీ రాయాలి. బాంబు పడిన ఊరి గోడు ఒక్కటే రాస్తే నేను ఒప్పుకోను.

సాగరతీరం:
పసిపిల్లలు నాటే మొక్క దగ్గర ఎన్ని లెక్కలు తేలుస్తారు?

అంటుకొమ్మ:
మా తాతయ్య చెల్లెలూ పసిదే.