ఆఫీసు కుర్చీ బదులు జిమ్ బాల్ మీద కూర్చునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాదాపూర్_కిరణ్
అందరికీ నమస్తే. వయసు 34, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 82 కిలోలు. పదకొండేళ్లుగా కోడింగ్ పనే. డిసెంబరు నుంచి నడుము కింద ఎడమ పక్క పట్టేస్తోంది. సాయంత్రం ఐదయ్యేసరికి బల్ల పట్టుకుంటే గానీ లేవలేకపోతున్నా. ఎమ్మారై తీస్తే నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఒకేచోట ఎక్కువసేపు కూర్చోవద్దు అని పంపించేశారు. కూర్చోకుండా మన ఉద్యోగాలు ఎలా నడుస్తాయి?
మా టీమ్‌లో ఒకమ్మాయి ఇంట్లో జిమ్ బాల్ (గాలి నింపే పెద్ద కసరత్తు బంతి) మీద కూర్చుని పని చేస్తోంది, బాగుందంటోంది. నా ఎత్తుకు ఏ సైజు తీసుకోవాలి? రోజంతా కూర్చోవచ్చా? ఇంట్లో అంతా టైల్సే, జారదా? ఆఫీసుకి పట్టుకెళ్తే ఒప్పుకుంటారా? వాడినవాళ్లే చెప్పండి ప్లీజ్.

ఉప్పల్_శ్రీను
కళ్లు మూసుకుని కొనెయ్ బ్రదర్. నేను రెండేళ్లుగా దాని మీదే. 65 సెంటీమీటర్ల సైజు. ఇదివరకు నెలకి రెండు స్ట్రిప్పులు పెయిన్ కిల్లర్లు అయిపోయేవి, ఇప్పుడు ఇంట్లో ఒక్క మాత్ర కూడా లేదు. కుర్చీ అమ్మేశాను. మొదటి వారం తొడలు, పిర్రలు విపరీతంగా నొప్పెడతాయి, దానికి భయపడి ఆపకు.
ఒక్క విషయం. దాంతో వచ్చే కాలి పంపుతో గాలి కొట్టాలంటే ప్రాణం పోతుంది. నేను మా వీధి చివర పంక్చర్ షాపులో కొట్టించుకున్నా. రెండు నిమిషాల పని.

ఫిజియో_సరళ
కిరణ్ గారూ, పందొమ్మిదేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, రోజూ మీలాంటి ఐటీ పేషెంట్లు కనీసం ఆరుగురు వస్తారు. బాల్ మంచి వస్తువే, మా క్లినిక్‌లో నాలుగున్నాయి. కానీ అది కసరత్తు కోసం. డిస్క్ ఉబ్బిన మనిషి ఎనిమిది గంటలు దాని మీద కూర్చోకూడదు. కుర్చీకి వీపు ఆనించే చోటు ఉంటుంది, మీ పైశరీరం బరువు కొంత అది మోస్తుంది. బాల్‌కి అది లేదు. మొదటి పావుగంట నిటారుగా ఉంటారు, తర్వాత వీపు కండరాలు అలిసిపోయి ముందుకు గూనిలా వంగిపోతారు. మీ డిస్క్‌కి పడనిది సరిగ్గా ఆ వంపే.
ఇరవై నిమిషాలు బాల్, తర్వాత కుర్చీ, మధ్యలో లేచి నాలుగు అడుగులు. ఇదొక్కటే నేను ఒప్పుకునేది. శ్రీను గారికి పనిచేసిందని అందరికీ పనిచెయ్యదు.

రాజమండ్రి_మెకానికల్
పంక్చర్ షాపా?! దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. అక్కడి కంప్రెసర్ కారు టైర్లలో ముప్పై పైచిలుకు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపే యంత్రం. ఈ బంతికి కావలసింది అందులో ఏ మూలకీ రాదు. బంతి చుట్టుకొలత పెరిగే కొద్దీ గోడ పలచబడుతుంది, ఎక్కడో అతుకు దగ్గర తెగుతుంది. మా తమ్ముడు ఇలాగే కొట్టించాడు, ఇంటికి తెచ్చిన మూడో రోజు మధ్యాహ్నం దాని మీద కూర్చునుండగా ఢామ్మని పేలింది. తోక ఎముక మీద పడ్డాడు. ఆరు వారాలు మధ్యలో చిల్లున్న దిండు మీద కూర్చున్నాడు, మోటార్ సైకిల్ ఎక్కలేకపోయాడు.

ఉప్పల్_శ్రీను
మీ తమ్ముడు కొన్నది నాసిరకం బంతి అయ్యుంటుంది అన్నా. యాంటీ బరస్ట్ అని రాసున్నది కొనాలి, దానికి చిల్లు పడినా గాలి మెల్లగా దిగుతుంది, పేలదు. మా షాపు తాత ఇంజిన్ దుమ్ము ఊదే గన్ను మూతికి పెట్టి ఆపి ఆపి కొడతాడు. చేత్తో నొక్కి చూస్తాడు. నలభై ఏళ్ల అనుభవం ఆయనది.

రాజమండ్రి_మెకానికల్
నలభై ఏళ్ల అనుభవం టైర్ల మీద. బంతుల మీద కాదు. యాంటీ బరస్ట్ అంటే చిన్న చిల్లు పడితే చిరిగిపోదని అర్థం, సైజు దాటి ఊదినా ఏమీ కాదని కాదు. డబ్బా మీద సెంటీమీటర్లలో సైజు ఎందుకు రాస్తారు? అంతకు మించి ఊదొద్దనే. కొలిచారా ఎప్పుడైనా?

ఉప్పల్_శ్రీను
రెండేళ్లుగా పేలలేదు, అదే నా కొలత. వాడినవాళ్లే చెప్పండి అని కిరణ్ అడిగాడు. మీరు వాడారా?

రాజమండ్రి_మెకానికల్
మా తమ్ముణ్ణి మోసుకుని ఆసుపత్రికి వెళ్లింది నేనే. అది చాలు.

వైజాగ్_అమ్మలు
మీరిద్దరూ కాస్త ఆగండి. నేను కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల నుంచి బాల్ మీదే పని చేశాను. మామూలు కుర్చీలో బిడ్డ పక్కటెముకల్లోకి తన్నుకొచ్చినట్టుండేది, ఊపిరి ఆడేది కాదు. బాల్ మీద తొడలు కిందికి వాలి పొట్టకి చోటు దొరికేది. మా అత్తగారు చూసి గుండె పట్టుకున్నారు. "జారితే ఎవరే దిక్కు" అని నేను మీటింగ్‌లో ఉన్నంతసేపూ వెనకే కుర్చీ వేసుకుని, నా నడుము దగ్గర చెయ్యి పెట్టి కూర్చునేవారు. నిజంగా. రెండు నెలలు. ఇప్పుడు పాప వయసు మూడేళ్లు, ఆవిడ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.
జారడం గురించి: కింద యోగా మ్యాట్ వెయ్యండి. టైల్స్ మీద ఊరికే పెడితే మాత్రం వెనక్కి తన్నేస్తుంది.

కొత్తతల్లి_నెల్లూరు
అక్కా, నాకు ఇప్పుడు ఏడో నెల. డాక్టర్ని అడిగారా ముందు? నాకు బీపీ కొంచెం ఎక్కువుంది.

వైజాగ్_అమ్మలు
అడిగాకే కూర్చున్నాను తల్లీ. నువ్వూ అడుగు, బీపీ ఉందంటే అడక్కుండా అసలు వద్దు. మెసేజ్ పెట్టు, మాట్లాడదాం.

హన్మకొండ_రాజన్న
ఏందన్నా ఈ లొల్లి. బాల్ లేదు గీల్ లేదు. మా బాపు డెబ్బై ఆరేండ్లు, గిప్పటికీ కిందనే సాప మీద బాసింపట్లు ఏసుకొని తింటడు, పేపర్ సదువుతడు. ఒక్కనాడు నడుము నొస్తుందని అనలే. నేను లాక్‌డౌన్ల కింద కూసొని, ముంగట పీట ఏసి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి పని జేసిన. కుర్చీ అలవాటైనంకనే మనకు ఈ రోగాలన్నీ. కింద కూసోరి, అన్నీ సక్కగైతయి.

ఫిజియో_సరళ
రాజన్న గారూ, మీ నాన్నగారు కింద కూర్చుని పది గంటలు ఏకధాటిగా తెర చూశారా? తిన్నారు, లేచారు, పొలం వెళ్లారు. ఆయన్ని కాపాడింది చాప కాదు, లేవడం. కిరణ్ గారిలాంటి వాళ్లు కింద కూర్చుని ల్యాప్‌టాప్ మీదికి వంగితే నడుము ఇంకా గుండ్రంగా వంగుతుంది.

హన్మకొండ_రాజన్న
లేవడమే మందైతే కుర్చీల కెల్లి గూడ లేవచ్చు గదా అక్కా. మరి బాల్ ఎందుకు, మీ క్లినిక్ ఎందుకు? నా నడుముకు తగ్గింది, నేను జెప్పిన. మీరు సదువుకున్నోళ్లని మా అనుభవం అబద్ధమా?

ఫిజియో_సరళ
అబద్ధం అనలేదు. కిందటి నెల ఒకబ్బాయి ఇలాంటి సలహా విని రెండు వారాలు నేల మీద పని చేసి, కాలు పాదం దాకా తిమ్మిరెక్కి నా దగ్గరికి వచ్చాడు. అందుకే గట్టిగా చెబుతున్నాను.

డీటీపీ_బెజవాడ
ఇక్కడ అందరూ ఐటీ వాళ్లే ఉన్నట్టున్నారు. నాది విజయవాడలో ప్రింటింగ్ పని, డీటీపీ, అంటే అచ్చుకి వెళ్లే పేజీలు కంప్యూటర్ మీద తయారుచెయ్యడం. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి తొమ్మిదే. కూర్చునేది ప్లాస్టిక్ కుర్చీ. చేతులు లేనిది. ఒక కాలు కింద అట్టముక్క పెడితే గానీ కదలకుండా నిలవదు. మంచి కుర్చీ కొనమని ఓనర్ని అడిగితే "కస్టమర్ కుర్చీ చూసి రాడు" అన్నాడు. బాల్ వెయ్యి రూపాయల లోపు వస్తుందంటున్నారు కాబట్టి అడుగుతున్నాను: అంత ఇరుకు షాపులో, పక్కనే కటింగ్ మిషన్ ఉన్నచోట బాల్ మీద కూర్చోవడం మంచిదేనా?

స్విస్_బాల్_ఫ్యాన్
ఈ జిమ్ బాల్‌నే స్విస్ బాల్ అంటారు, అంటేనే స్విట్జర్లాండ్ డాక్టర్లు కనిపెట్టింది. వాళ్లకి తెలియదా ఏది మంచిదో? అక్కడ స్కూళ్లలో కూడా కుర్చీల బదులు ఇవే అని విన్నాను.

డల్లాస్_మూర్తి
బాబూ, పేరు స్విస్ గానీ బంతి ఇటలీది. 1963లో అక్విలీనో కోసానీ అనే ప్లాస్టిక్ వస్తువుల తయారీదారు చేశాడు. దాన్ని మొదట చికిత్సకు వాడింది బ్రిటన్‌కి చెందిన ఫిజియో మేరీ క్వింటన్, అదీ పసిపిల్లలకి. తర్వాత స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సుజానే క్లైన్-ఫోగెల్‌బాక్ పెద్దవాళ్ల నడుము, కీళ్ల చికిత్సకు వాడారు. అక్కడ చూసి నేర్చుకున్న అమెరికా ఫిజియోలు స్విస్ బాల్ అన్నారు. వీళ్లెవరూ కుర్చీ బదులు రోజంతా కూర్చోమని దాన్ని మొదలుపెట్టలేదు.
కుర్చీగా వాడితే ఏమవుతుందో కొలిచినవాళ్లు తర్వాత వచ్చారు. 2006లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు బాల్‌నీ ఆఫీసు కుర్చీనీ పోల్చారు. కండరాల పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, అసౌకర్యం మాత్రం బాల్ మీదే ఎక్కువ. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఆడవాళ్లతో టైపింగ్ చేయించి చూశారు. బాల్ మీద ఒళ్లు ఎక్కువ కదిలింది, కండరాలు ఎక్కువ పనిచేశాయి, కానీ వెన్ను కుదించుకుపోవడం కూడా కుర్చీ కంటే ఎక్కువే. ఇదంతా నేను మా ఆఫీసులో బాల్ పెట్టించే ముందు చదివాను. చదివాక పెట్టించలేదు.

ఉప్పల్_శ్రీను
ల్యాబ్‌లో గంటో రెండు గంటలో కూర్చోబెట్టి కొలిచేది వేరు, నా రెండేళ్లు వేరు సార్. నా పెయిన్ కిల్లర్లు ఎవరు మాన్పించారు మరి?

డల్లాస్_మూర్తి
ఆ రెండేళ్లలో వాకింగ్ కూడా మొదలుపెట్టారా? నిజాయితీగా చెప్పండి.

ఉప్పల్_శ్రీను
పెట్టాను. పొద్దున నలభై నిమిషాలు. అయితే? రెండూ కలిసే తగ్గించాయి అనుకుంటున్నా.

అడ్మిన్_గారు_గచ్చిబౌలి
ఆఫీసుకి తెచ్చుకోవచ్చా అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఒక కంపెనీలో ఫెసిలిటీస్ చూస్తాను. మేము మొదట ఒప్పుకున్నాం. ఒకాయన హెడ్‌సెట్ పెట్టుకుని, కింద పడ్డ పెన్ను కోసం పక్కకి వంగారు, బాల్ అటు వెళ్లింది, ఈయన ఇటు పడ్డారు. చెయ్యి ఆనించడంతో మణికట్టు విరిగింది. కుర్చీకి అయిదు కాళ్లు ఊరికే పెట్టలేదు, ఎటు వంగినా తిరగబడకూడదని. ఆ ఘటన తర్వాత మా దగ్గర బంద్. మెడికల్ లెటర్ తెచ్చినవాళ్లకి, చుట్టూ రింగు స్టాండు ఉన్న బాల్ అయితేనే ఇస్తున్నాం. కిరణ్ గారు ముందు మీ అడ్మిన్‌కి ఒక మెయిల్ పెట్టండి. చెప్పకుండా తెస్తే సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తారు.
డీటీపీ తమ్ముడూ, కటింగ్ మిషన్ పక్కన బాల్ అస్సలు వద్దు. ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు పాత కుర్చీలు తక్కువకే అమ్మేస్తారు, మీ దగ్గర అలాంటి షాపులు ఉంటాయి, అడగండి. సీటు దిగిపోతుంటే సీటుని ఎత్తి నిలిపే కింది గొట్టం (గ్యాస్ సిలిండర్) ఒక్కటే మార్పించుకోవచ్చు.

డీటీపీ_బెజవాడ
థాంక్యూ అన్నా. ఆదివారం వెళ్లి చూస్తాను. నా డబ్బుతోనే కొంటాను, ఓనర్ని ఇక అడగను.

మాదాపూర్_కిరణ్
అందరికీ ధన్యవాదాలు. చెప్పేలోపే ఆర్డర్ పెట్టేశాను, 65 సైజు. శనివారం వచ్చింది. డబ్బా తెరవగానే కొత్త రెయిన్ కోటు వాసన, బాల్కనీలో పెట్టాల్సి వచ్చింది. పంక్చర్ షాపుకి వెళ్లలేదు, కాలి పంపుతోనే కొట్టాను, ముప్పావుగంట పట్టింది. గోడకి ఆనించి, పైన స్కేలు అడ్డంగా పెట్టి, గోడ మీద పెన్సిల్ గీత గీసి టేపుతో కొలిస్తే 57 సెంటీమీటర్లే ఉంది. కూర్చుంటే ఇంకా దిగిపోయి మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తున్నాయి. బల్ల నా ఛాతీ దగ్గరికి వచ్చింది, భుజాలు ఎత్తి టైప్ చేస్తే రెండు గంటల్లో మెడ పట్టేసింది. సైజు తప్పు తీసుకున్నానా?

రాజమండ్రి_మెకానికల్
సైజు తప్పు కాదు. కొత్త బంతి ఒకేసారి సాగదు. సుమారు ఎనభై శాతం నింపి ఒక రోజు వదిలెయ్యండి, మర్నాడు మళ్లీ కొట్టండి, గీత 65 దగ్గరికి వస్తుంది. అక్కడ ఆపెయ్యండి. కొలిచినందుకు సంతోషం. ఇక్కడ కొలిచినవాళ్లు మీరొక్కరే.

ఫిజియో_సరళ
నిండాక కూడా 82 కిలోలకి కొంత దిగుతుంది. మోకాళ్ల కంటే తుంటి కాస్త ఎత్తులో ఉండాలి, ముంజేతులు బల్లకి సమానంగా రావాలి. రాకపోతే బల్ల ఎత్తు మార్చగలరా? మార్చలేకపోతే బాల్ కసరత్తుకి ఉంచి, టైపింగ్‌కి కుర్చీ వాడండి.

ఉప్పల్_శ్రీను
నా బల్లకి రెండంగుళాలు కాళ్లు కోయించాను, వడ్రంగి మూడొందలు తీసుకున్నాడు. రాజమండ్రి అన్నా, ఈ రాత్రి నా బాల్ కూడా కొలిచాను. 69 వచ్చింది. నాలుగు సెంటీమీటర్ల మేర గాలి తీసేశాను. తమ్ముడికి ఇప్పుడెలా ఉంది?

రాజమండ్రి_మెకానికల్
బాగున్నాడు. బండి నడుపుతున్నాడు. అడిగినందుకు థాంక్స్ శ్రీనూ.

మాదాపూర్_కిరణ్
అద్దె ఇల్లు, బల్ల ఓనర్ వాళ్లది, కాళ్లు కొయ్యలేను. మర్నాడు గాలి కొడితే 64 వచ్చింది, మ్యాట్ వేశాక జారడం లేదు. ఫోన్ మీటింగులు మాత్రం బాల్ మీద, ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకున్నాను. కోడింగ్ అంతా కుర్చీలోనే. నిన్న సాయంత్రం లేచేటప్పుడు బల్ల పట్టుకోలేదు. అలారం వల్లో బాల్ వల్లో నాకు తెలియదు. అడ్మిన్‌కి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

కూకట్‌పల్లి_పద్మ
నా దగ్గర 75 సైజు బాల్ ఉంది, మూడు నెలలే వాడాను. నేను 5 అడుగుల 2 అంగుళాలు, కాళ్లు నేలకి సరిగ్గా ఆనక ఆపేశాను. ఆరడుగులు పైబడినవాళ్లు ఎవరైనా ఉంటే పంపుతో సహా ఊరికే ఇస్తాను. బిరడా రెండోది కూడా ఉంది. సాయంత్రం ఏడు తర్వాత వచ్చి తీసుకెళ్లండి.

హన్మకొండ_రాజన్న
మా అల్లుడు మియాపూర్ల ఉంటడు అక్కా, ఆరు ఫీట్ల ఒకటుంటడు. రేపు పంపిస్త.