ఫోర్‌డీ ఫ్లో ఎమ్మారై: అయోర్టా ఆపరేషన్ నిర్ణయానికి పనికొస్తుందా, రంగుల బొమ్మేనా?

జిజ్ఞాసి: గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా. గుండె దగ్గర అది ఉబ్బితే ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నది ముఖ్యంగా దాని వ్యాసాన్ని (అడ్డకొలతను) చూసే తేలుస్తారు. 5.5 సెంటీమీటర్లన్నది పాత లెక్క. కానీ అక్కడ గోడ చీలినవాళ్లలో సగానికి పైగా అంతకు లోపలివాళ్లేనని అయోర్టా చీలికల అంతర్జాతీయ రిజిస్ట్రీ 2007లోనే చెప్పింది. అదీ చీలి ఇంకా ఉబ్బాక కొలిస్తే! అలాంటప్పుడు రక్తం కదలికను మూడు దిక్కుల్లో, గుండె కొట్టుకునే కొద్దీ కొలిచి, అది గోడను ఎలా ఒరుసుకుపోతోందో చూపే ఫోర్‌డీ ఫ్లోను ఇంకా పక్కన పెట్టడం ఎందుకు?

పాతకాపు: ఆ లెక్కలో చిన్న మెలిక ఉందండీ. అయోర్టా 5.5 దాటినవాళ్లే చాలా తక్కువమంది. మిగతావాళ్ల సంఖ్య ముందు వాళ్లెంత? కాబట్టి చీలికల్లో చిన్న సైజులు ఎక్కువ కనిపించడం మామూలే. దాన్ని బట్టి వ్యాసం పనికిరాదని తేల్చలేం.

స్కాన్‌గది: నేను ఈ స్కాన్లు చేసేవాణ్ణి. బొమ్మ చూసి మురిసిపోయే ముందు ఒక మాట. గోడ మీద రాపిడి అంటే గోడ పక్కన వేగం ఎంత త్వరగా మారుతోందన్న లెక్క. మన వోక్సెల్, అంటే స్కాన్ బొమ్మలోని అతి చిన్న గడి, సుమారు 2 మిల్లీమీటర్లు. గోడను ఆనుకున్న పలుచటి పొరలోని మార్పంతా ఆ ఒక్క గడిలో సగటైపోతుంది. అందుకే రాపిడి అసలుకంటే తక్కువగా వస్తుంది, వోక్సెల్ సైజు మారిస్తే అంకె కూడా మారుతుంది. ఇక వెంక్‌ని, అంటే స్కాన్ సరిగ్గా కొలవగల గరిష్ఠ వేగాన్ని, సెకనుకు 150 సెంటీమీటర్లకి పెట్టి, ఇరుకు వాల్వులోంచి సెకనుకు 4 మీటర్ల వేగంతో రక్తం దూసుకొస్తే వేగం పూర్తిగా తప్పుగా కనిపిస్తుంది. మొత్తం ప్రవాహం, వెనక్కి కారే రక్తం కొలవాలంటే మాత్రం దీన్ని నమ్ముతాను.

జిజ్ఞాసి: ఒప్పుకుంటా. కానీ అయోర్టా మొదట్లోని వాల్వుకి మూడు బదులు రెండే రెక్కలు ఉన్నవాళ్ల సంగతి? రక్తపు ధార పక్కకి తిరిగి ఒకే చోట గోడను కొడుతుంది. స్కాన్‌లో రాపిడి ఎక్కువ కనిపించిన చోట, ఆపరేషన్‌లో తీసిన ముక్కలో ఎలాస్టిన్ (గోడకు సాగే గుణమిచ్చే పదార్థం) దెబ్బతిని ఉందని 2015లో చూపించారు కదా. ఇది ఉత్త బొమ్మ ఎలా అవుతుంది?

పాతకాపు: అది మంచి పనే, కాదనను. అయితే అవి ఎలాగూ ఆపరేషన్‌కి వచ్చినవాళ్ల ముక్కలు. 4.6 సెంటీమీటర్ల దగ్గర ఉన్న మనిషికి ఛాతీ తెరవాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఎంత రాపిడి దాటితే తెరవాలో ఒక అంకె చెప్పండి, మాట్లాడుకుందాం.

స్కాన్‌గది: ఇప్పుడే ఎవరూ ఆ అంకె చెప్పలేరు సార్. ఒకే మెషీన్, ఒకే సెట్టింగులతో అదే మనిషికి ఏడాది తర్వాత మళ్లీ తీసి పోల్చితే కొంత అర్థముంటుంది. రెండు సెంటర్ల అంకెలు పక్కపక్కన పెట్టి టెన్షన్ పడేవాళ్లని చూశాను, అది మాత్రం దండగ.