సర్వీస్‌కి వెళ్ళొచ్చాక కూడా వాచ్ తేడాగానే నడుస్తోంది, "సగటు స్పెక్ లోపలే ఉంది" అంటున్నారు, ఏం చెయ్యాలి?

సెకన్ల_ముల్లు:

అందరికీ నమస్తే. చాలా కాలం డబ్బులు దాచుకుని ఒక పెద్ద బ్రాండ్ ఆటోమేటిక్ వాచ్ కొత్తది కొన్నాను, క్రోనోమీటర్ సర్టిఫికెట్ (టైమ్ కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించి ఇచ్చేది) ఉన్నదే, బ్రాండ్ పేరు ఇక్కడ వద్దులెండి. మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది, తర్వాత మెల్లగా తేడా మొదలైంది, అది కూడా పెట్టిన తీరుని బట్టి ఒక్కోలా. డయల్ పైకి ఉండేలా పడుకోబెడితే రోజుకి +3 సెకన్లు (ముందుకి), క్రౌన్ (పక్కనుండే కీ గుండీ) కిందకి వచ్చేలా నిలబెడితే −14 (వెనక్కి). వారంటీ ఉంది కదా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పంపాను.

నెలలు పట్టింది. ఎప్పుడు అడిగినా పార్ట్ రావాలి సార్ అన్న మాటే, ఏ పార్ట్ అంటే మాత్రం చెప్పరు. చివరికి వాచ్‌తో పాటు ఒక కాగితం వచ్చింది, దాంట్లో రెగ్యులేట్ చేశాం, టెస్ట్ పాస్ అని తప్ప ఒక్క అంకె కూడా లేదు. ఇప్పుడు చూస్తే డయల్ పైకి +9, క్రౌన్ కిందకి −8. పైగా గ్లాస్ లోపల 4 అంకె పక్కన ఒక నలక ఉంది, పంపేటప్పుడు లేదది, నా దగ్గర ఫొటోలున్నాయి. ఇంకో బాధ ఏంటంటే లగ్స్ (స్ట్రాప్ తగిలించే కొమ్ములు) మీద బ్రష్ చేసిన భాగానికీ పాలిష్ చేసిన భాగానికీ మధ్య గీత గీసినట్టు ఒక అంచు ఉండేది, వెలుతురులో తిప్పితే అదొక్కటే మెరిసేది, ఇప్పుడది గుండ్రంగా అరిగిపోయినట్టుంది. పాలిష్ చెయ్యమని నేను అసలు అడగలేదు.

ఫోన్ చేస్తే సగటు స్పెక్ (కంపెనీ పెట్టుకున్న హద్దు) లోపలే ఉంది, మెకానికల్ అంటే ఇంతే అన్నారు. నిజంగా ఇంతేనా? మళ్ళీ పంపాలంటే భయంగా ఉంది. బయట మంచి వాచ్‌మేకర్‌కి ఇచ్చేస్తే వారంటీ పోతుందా?

బ్యాలెన్స్_వీల్:

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చెప్తాను, చాలామందికి ఇక్కడే కన్ఫ్యూజన్. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ ఇచ్చే క్రోనోమీటర్ సర్టిఫికెట్ మూవ్‌మెంట్‌కి (లోపలి యంత్రానికి) మాత్రమే, వాచ్ మొత్తానికి కాదు. కేస్‌లో బిగించకముందే మూవ్‌మెంట్‌ని 15 రోజులు, 5 పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల దగ్గర టెస్ట్ చేస్తారు, సగటున రోజుకి −4 నుంచి +6 లోపల ఉంటే పాస్. ఆ తర్వాత డయల్ ఎక్కించడం, ముళ్ళు బిగించడం, కేస్‌లో బిగించడం అన్నీ ఫ్యాక్టరీలో జరుగుతాయి, ఆ దశలో ఏం జరిగినా సర్టిఫికెట్‌కి తెలీదు. మెటాస్ (స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ) వాళ్ళ మాస్టర్ క్రోనోమీటర్ అయితే 2015లో వచ్చింది, దాంట్లో కేస్‌లో బిగించిన వాచ్‌ని కూడా పరీక్షిస్తారు, రోజుకి 0 నుంచి +5, 15,000 గాస్ అయస్కాంతం తట్టుకోవాలి. కాబట్టి మీది ఏ సర్టిఫికెట్టో చూసుకోండి.

ఇక వాళ్ళు చెప్పిన సగటు. +9, −8 కలిపి సగం చేస్తే అర సెకను, కాగితం మీద అద్భుతమైన వాచ్! కానీ కాస్క్‌లో కూడా సగటు ఒక్కటే చూడరు, మొత్తం 7 లెక్కలుంటాయి, వాటిలో పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ మధ్య తేడాకి విడిగా −6 నుంచి +8 అని హద్దు ఉంది. మీ తేడా 17. అది మూవ్‌మెంట్ టెస్ట్, కేస్‌లో ఉన్న వాచ్‌కి వర్తించదు అని వాళ్ళు అనొచ్చు, అంటే అననివ్వండి, అప్పుడు మరి ఏ స్పెక్ లోపల ఉందో అంకెలతో రాసివ్వమనండి.

బెంచ్_మీది_మనిషి:

నేను రిపేరు పనిలోనే ఉన్నాను, మీ అంకెలు చూడగానే ఒకటి అర్థమైంది. పంపకముందు +3, −14. వచ్చాక +9, −8. రెండూ సరిగ్గా 6 సెకన్లు పైకి జరిగాయి, మధ్యలో గ్యాప్ అప్పుడూ 17, ఇప్పుడూ 17. అంటే రేటు మాత్రం ఫాస్ట్ వైపుకి జరిపి మూత బిగించేశారు, అసలు జబ్బుని ముట్టుకోలేదు.

ఎందుకంటే రెగ్యులేటర్ (వేగం సర్దే చిన్న మీట) కదిపినా, రెగ్యులేటర్ లేని మూవ్‌మెంట్‌లో బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగే చక్రం) మీది స్క్రూలు రెండు వైపులా సమానంగా తిప్పినా, అన్ని పొజిషన్లూ దాదాపు కలిసి ఒకే వైపు జరుగుతాయి, వాటి మధ్య దూరం తగ్గదు. ఆ దూరం తగ్గాలంటే కారణం వెతకాలి. బ్యాలెన్స్ వీల్ ఒక పక్క బరువెక్కువ ఉండొచ్చు, అది పడుకోబెడితే తెలీదు, నిలబెడితేనే బయటపడుతుంది. హెయిర్‌స్ప్రింగ్ (ఆ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగ్) సెంటర్‌లో లేకపోవచ్చు. పివట్ (చక్రం ఇరుసు కొస) అరిగి ఉండొచ్చు. లేదా ఆయిల్ ఎండిపోయో, ఎక్కువైపోయో యాంప్లిట్యూడ్ పడిపోయి ఉండొచ్చు, అది పడిపోతే పొజిషన్ల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది.

యాంప్లిట్యూడ్ అంటే బ్యాలెన్స్ వీల్ మధ్య స్థానం నుంచి ఒక వైపుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతుందనేది, రోజుకి ఎన్ని సెకన్లు అన్నదానికంటే నేను ముందు చూసేది అదే. ఫుల్లుగా కీ ఇచ్చాక మామూలుగా పడుకోబెడితే 270 నుంచి 310 మధ్య, నిలబెడితే ఇంకో 20 నుంచి 40 తక్కువ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఫుల్ వైండ్ మీద కూడా 220 దగ్గర ఉంటే, సెకన్లు ఎంత బాగున్నా ఆ వాచ్ విప్పాల్సిందే. టైమ్‌గ్రాఫర్‌లో (వాచ్ రేటు కొలిచే మెషీన్) లిఫ్ట్ యాంగిల్ (మూవ్‌మెంట్ రకాన్ని బట్టి అందులో పెట్టే కోణం) సరిగ్గా పెట్టారో లేదో కూడా చూడండి, చాలా మూవ్‌మెంట్లకి 50, 52 దగ్గర ఉంటుంది, కో‌యాక్సియల్ రకానికి (ఒమేగా వాచ్‌ల్లో వాడేది) 38, అది తప్పు పెడితే వచ్చే యాంప్లిట్యూడ్ అంతా తప్పే.

అయస్కాంతం పట్టిందేమో అని ఎవరైనా అంటారు, అలా అయితే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అతుక్కుని సాధారణంగా బాగా ఫాస్ట్ అవుతుంది, రోజుకి కొన్ని నిమిషాలు కూడా. మీ కేసు అలా లేదు, అయినా దిక్సూచి దగ్గర పెట్టి చూడటానికి ఖర్చేం లేదు కదా.

నలక మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 10 రెట్లు పెద్దది చేసే లూప్ పెట్టి, లైటు పక్కనుంచి వేసి చూడండి. దారపు పోగులా వంకరగా ఉంటే బెంచ్ మీద పడిన దుమ్ము, అంటే శుభ్రం చూసుకోలేదు. చుక్కలా మెరుస్తుంటే లోహం, రోటర్ (చెయ్యి కదిలితే తిరిగి వాచ్‌కి కీ ఇచ్చే బరువు) ఎక్కడో రాసుకుంటుండొచ్చు, అది గేర్లలోకి పోతే ఇంకా నష్టం. అలాంటప్పుడు ఆ వాచ్‌ని పెట్టుకోకుండా పక్కన పెట్టేయండి.

పాత_డయల్:

నాది కొంచెం వేరే అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి. రోజుకి 86,400 సెకన్లు, అందులో 9 అంటే నూటికి 0.01, చిన్న స్ప్రింగ్ మీద నడిచే యంత్రానికి అది గొప్పే. వెనక మూత తీసిన ప్రతిసారీ కొత్త రిస్కే, మీకే జరిగింది చూడండి, నలక వచ్చింది, అంచులు పోయాయి. పగలు చేతిమీద ఎటు పోతోందో గమనించి, రాత్రి దానికి ఎదురు వచ్చే పొజిషన్‌లో పెడితే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. నేనైతే నలక ఒక్కటీ తీయించుకుని వదిలేస్తాను.

సెకన్ల_ముల్లు:

పాత డయల్ గారూ, కోపం ఏం లేదు, ఫస్ట్ నుంచీ ఇలా ఉంటే నేనూ అలాగే సర్దుకునేవాణ్ణి. కానీ బాగా నడిచిన వాచ్ చెడింది, బాగు చేశాం అని రాసిచ్చి బాగు చెయ్యలేదు, అదే నాకు మింగుడు పడట్లేదు. బెంచ్ అన్నా, ఆ 17 లెక్క నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. లూప్ పెట్టి చూశాను, పోగే, మెరవట్లేదు. మరి ఇప్పుడు వాళ్ళకి ఏమని రాయాలి? ఫోన్‌లో యాప్‌తో తీసిన అంకెలు ఒప్పుకుంటారా?

గాస్కెట్:

ఫోన్ కాల్స్ ఆపేసి అంతా మెయిల్‌లోనే నడపండి, నేను చెప్పేది ఇదే ముందు. మీ నాలుగు అంకెలూ, గ్యాప్ మారలేదన్న మాటా, నలక ఫొటోలు ముందూ తర్వాతా, లగ్స్ ఫొటోలు, అన్నీ ఒకే మెయిల్‌లో పెట్టండి. తర్వాత అడగాల్సింది: ఆరు పొజిషన్లలో రేటు, యాంప్లిట్యూడ్, బీట్ ఎర్రర్ (టిక్‌కీ టాక్‌కీ మధ్య సమయం తేడా), ఫుల్ వైండ్ మీద ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి. మార్చిన పార్ట్ ఏదో పేరు రాయమనండి, నెలల తరబడి ఎదురు చూసింది దాని కోసమే కదా, అది మార్చారో లేదో కూడా తెలియాలి.

కేస్ తెరిచారు కాబట్టి వాటర్ టెస్ట్ రిజల్ట్ కూడా అడగండి. దీన్ని జనం మర్చిపోతారు, గాస్కెట్ (నీళ్ళు పోకుండా ఉండే రబ్బరు రింగు) కొంచెం నలిగినా చూడ్డానికి ఏం తెలీదు, తడి లోపలికి పోయాకే తెలుస్తుంది. టెస్ట్ చేసేవాళ్ళు వాచ్‌ని కాస్త వేడిచేసి గ్లాస్ మీద చల్లటి నీటి చుక్క పెడతారు, కాసేపాగి తుడిచి చూస్తే లోపల ఆవిరి పట్టిందంటే తేమ ఉన్నట్టే.

పాలిష్ గురించి పంపే ఫారం మీదే పాలిష్ వద్దు అని రాసి దాన్ని ఫొటో తీసుకోండి. చాలా చోట్ల పూర్తి సర్వీస్‌లో పాలిష్ కలిపే ఉంటుంది, వద్దంటే తప్ప చేసేస్తారు. పోయిన లోహం మళ్ళీ రాదు, లేజర్ వెల్డింగ్‌తో నింపి అంచు మళ్ళీ తీసేవాళ్ళున్నారు గానీ అది వేరే స్థాయి పని. మీరు అడగకుండా చేశారు కాబట్టి కేస్ సంగతి ఏం చేస్తారో కూడా అదే మెయిల్‌లో గట్టిగా అడగండి, ఇది చిన్న విషయం అని వదలొద్దు.

బయట ఇవ్వడం గురించి: వారంటీలో ఉండగా బయటివాళ్ళు మూత తీస్తే వారంటీ పోయిందనే చెప్తారు. వారంటీ అయ్యాక కూడా పార్ట్స్ దగ్గర చిక్కే, చాలా బ్రాండ్లు బయటి వాచ్‌మేకర్లకి పార్ట్స్ అమ్మవు, స్వాచ్ గ్రూప్ కూడా 2015 చివర్లో హోల్‌సేల్ వాళ్ళకి సప్లై ఆపేసింది. ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా పార్ట్ దొరక్కపోతే ఏం చేస్తాడు.

బెంచ్_మీది_మనిషి:

గాస్కెట్ చెప్పింది కరెక్ట్, ఒక్కటి కలుపుతాను. బయట మూత తీయించొద్దు గానీ, కొలిపించొచ్చు. టైమ్‌గ్రాఫర్ మైక్‌తో టిక్ శబ్దం విని లెక్క కడుతుంది, వాచ్ తెరవక్కర్లేదు. ఏదైనా మంచి వాచ్‌మేకర్ దగ్గర ఫుల్‌గా కీ ఇచ్చి, ఒక్కో పొజిషన్‌లో కాసేపు కుదురుకోనిచ్చి ఆరు పొజిషన్ల ప్రింటౌట్ తీయించుకోండి, మెయిల్‌కి అది జతచేస్తే మాట బలంగా ఉంటుంది. యాప్‌లో రోజుకి ఎన్ని సెకన్లు అన్నది బాగానే వస్తుంది, యాంప్లిట్యూడ్ మాత్రం నమ్మొద్దు, రూమ్‌లో ఫ్యాన్ తిరుగుతున్నా మారిపోతుంది.

ఆ ప్రింట్ వచ్చాక ఇక్కడ పెట్టండి, నిలబెట్టిన నాలుగు పొజిషన్లలో ఏది ఎక్కువ స్లోనో చూస్తే బ్యాలెన్స్ బరువు సమస్యో, ఆయిల్ సమస్యో చాలావరకు చెప్పొచ్చు.