‘నిత్యశిక్ష’లో శిక్ష అంటే ఏ శిక్ష?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది, కాస్త చెయ్యి వెయ్యండి. సువార్తల్లోని కొన్ని భాగాల్ని పిల్లలు తమంతట తాము చదువుకునేలా వాడుక తెలుగులోకి మారుస్తున్నాను. మత్తయి 25:46 దాకా సాఫీగానే సాగింది. పాత తెలుగులో “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు” అని ఉంది. ‘శాశ్వతమైన శిక్ష’ అని రాసేసి మా అమ్మాయికి చదివి వినిపించాను. “శిక్షణ అంటే నేర్పడం కదమ్మా, శిక్ష కూడా అదేనా?” అంది. కాదు అనబోయి ఆగాను. ఎందుకంటే అదే గ్రంథంలో ఎఫెసీయులకు 6:4లో “ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి” అని ఉంది. అక్కడ శిక్ష అంటే పెంపకమే.

ఇబ్బంది భాషదొక్కటే అయితే నిఘంటువు తిరగేసి ఊరుకునేదాన్ని. “దేవుడు ప్రేమాస్వరూపి” అని ఒక పేజీలో రాసి, ఇంకో పేజీలో అంతులేని శిక్ష అని రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మాటలో ఏమన్నా దారి ఉందా?

మొదటి జవాబు:
మీ అమ్మాయి గట్టిదే. ముందు శిక్ష సంగతి చూద్దాం.

సంస్కృతంలో శిక్ష అంటే చదువే. ఆరు వేదాంగాల్లో ఒకటైన ‘శిక్ష’ ఉచ్చారణ నేర్పే శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తు మొదటి భాగానికి శీక్షావల్లి అని పేరు. మూలధాతువు ‘శక్’, అంటే చేతనవడం. దాని నుంచి పుట్టిన ‘శిక్ష్’కు ‘చేతనవాలని కోరుకోవడం’ అని అర్థం వస్తుంది. తెలుగుకొచ్చేసరికి ఈ మాట రెండు ఇళ్ళలో కాపురం పెట్టింది. శిక్షణ, శిక్షకుడు, సుశిక్షితుడు బడివైపు ఉండిపోయాయి. శిక్ష, శిక్షించు కోర్టువైపు వెళ్ళాయి.

కానీ ఆ రెండు ఇళ్ళ మధ్య గోడ మనవాళ్ళు ఎప్పుడూ పూర్తిగా కట్టలేదు. ‘వాడికి బుద్ధి చెప్తా’ అంటే పాఠం చెప్పడమా, నాలుగు తగిలించడమా? ‘గుణపాఠం’ పేరుకు పాఠమే, తగిలేది దెబ్బ. ‘తగిన శాస్తి జరిగింది’లో శాస్తి, శాస్త్రం, శిష్యుడు ముగ్గురూ ‘శాస్’ అనే ఒకే ధాతువు పిల్లలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మత్తయి 25:46లో గ్రీకు మాట ‘కొలాసిస్’. కొత్త నిబంధన మొత్తంలో ఈ నామవాచకం రెండే చోట్ల కనిపిస్తుంది. రెండోది ఎక్కడో తెలుసా? మొదటి యోహాను 4:18లో. “ప్రేమలో భయముండదు” అని మొదలయ్యే వాక్యం అది. అందులో “భయము దండనతో కూడినది” అన్నచోట దండన అని అనువదించింది ఈ కొలాసిస్‌నే. మీరు ఉదాహరించిన “దేవుడు ప్రేమాస్వరూపి” కూడా ఆ అధ్యాయంలోదే, పది వాక్యాలు పైన, 4:8లో. మీరు రెండు వేర్వేరు పేజీలంటున్నారు గానీ, ప్రేమా కొలాసిస్సూ ఒకే పేజీలో ఎదురుబొదురుగా కూర్చునే ఉన్నాయి. తెలుగులో ఒకచోట శిక్ష, ఇంకోచోట దండన అయ్యేసరికి ఆ చుట్టరికం మనకు కనబడకుండా పోయింది.

గ్రీకులో శిక్షకు ఇంకో మాట ‘తిమోరియా’. ఈ రెంటికీ తేడాను అరిస్టాటిల్ తన వక్తృత్వశాస్త్ర గ్రంథంలో చెప్పాడు. కొలాసిస్ అనుభవించేవాడి మేలు కోసం, తిమోరియా వేసేవాడి కసి తీరడం కోసం. ఈ లెక్కన మన పాత అనువాదకులు ‘శిక్ష’ అనే మాట ఎంచుకోవడం, తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, చాలా గొప్పగా కుదిరింది. నేర్పడం, బాధపెట్టడం రెండూ కడుపులో పెట్టుకున్న మాటకు అలాంటి మాటే దొరికింది. హెబ్రీయులకు 12:6లో “ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి” అన్నచోట గ్రీకు క్రియ ‘పైదెవో’. పిల్లవాడు అనే మాట నుంచి వచ్చింది, పిల్లల్ని తీర్చిదిద్దడమని అర్థం. అక్కడా శిక్షే వాడారు.

కాబట్టి ‘నిత్యశిక్ష’ అన్న సమాసంలోనే తగువుంది. నేర్పడమే పని అయితే ఎప్పటికో ఒకప్పటికి నేర్పడం అయిపోవాలి. అయిపోనిది నేర్పడం ఎలా అవుతుంది?

రెండో జవాబు:
మాస్టారూ, మీ విద్వత్తుకో దండం. (ఆ దండమూ కర్రే, ఈ దండనా కర్రే. అదలా ఉంచండి.) కానీ ధాతువు పట్టుకుని వేదాంతంలోకి దూకడం ఈ గుంపులో మనకు అలవాటైన జబ్బు. నాకు ఒక్క మాటకు జవాబు చెప్పండి: మరణశిక్ష. అందులో పడ్డవాడు నేర్చుకునేదేముంది? తెలుగువాడెవడూ ఉరిశిక్ష అన్నప్పుడు వేదాంగాలు తలుచుకోడు. మాట పుట్టుక వేరు, బతుకు వేరు.

గ్రీకులోనూ అంతే. అరిస్టాటిల్‌కూ సువార్తలకూ మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్ళున్నాయి. కేథలిక్కుల బైబిల్లో ఉండే మక్కబీయుల రెండో గ్రంథం 4:38లో ఒక హంతకుణ్ణి చంపించిన సందర్భం ఉంది. అతనికి తగిన కొలాసిస్‌ను ప్రభువు ఇచ్చాడని అక్కడ రాశారు. అచ్చంగా మన మరణశిక్షే.

ఇక ‘నిత్య’. గ్రీకులో ‘అయోనియోస్’, యుగం అనే అర్థమున్న ‘అయోన్’ నుంచి వచ్చింది. అది ఒక యుగానికి సంబంధించిందే గానీ అంతులేనిది కాదని కొందరంటారు. క్రైస్తవ వేదాంతి అగస్టీన్ దీనికి ఐదో శతాబ్దంలోనే అడ్డుకట్ట వేశాడు. ఒకే వాక్యంలో, ఒకే విశేషణం, ఒకసారి శిక్షకూ ఒకసారి జీవానికీ వేశారు. శిక్షకు అంతుందంటే జీవానికీ అంతుండాలి. ఒకదానికి గజం కొలత, ఇంకోదానికి మూర కొలత పనికిరాదు. నాకు ఇష్టం లేకపోయినా వ్యాకరణపరంగా ఆ వాదం బలమైనదే.

మూడో జవాబు:
‘నిత్య’ మీద చిన్న పిట్టకథ. చిన్నయసూరి వ్యాకరణంలో సంధి ‘నిత్యం’ అంటే తప్పనిసరిగా జరిగేదని, ‘వైకల్పికం’ అంటే జరిగినా జరగకపోయినా సరేనని. ఎంతకాలం అన్న ప్రశ్న అక్కడ లేనే లేదు. నిత్యపూజ, నిత్యావసరాలు అంటే రోజూ ఉండేవి. ‘నిత్యజీవితం’ అంటే రోజువారీ బతుకు, ‘నిత్యజీవం’ అంటే అంతులేని బతుకు! పిల్లల పుస్తకంలో జాగ్రత్త, నిత్యశిక్ష అంటే రోజూ పడేది అనుకోగలరు.

నాలుగో జవాబు:
అక్కా, మీ ప్రశ్న చదివాక నాకు తోచింది వేరు. తెలుగులో ‘నరకం’ అనే మాటకు మొదటి నుంచీ తలుపుంది. రౌరవం, కుంభీపాకం, అసిపత్రవనం అని భాగవతం పంచమస్కంధం చివర ఇరవై ఎనిమిది నరకాలు వర్ణించింది. ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఏదీ ఆఖరి మజిలీ కాదు. కర్మ తీరితే మళ్ళీ పుట్టుక. సువార్తల్లో పాపుల శిక్షాస్థలానికి వాడిన గెహెన్నా అనే మాటకు నరకం అని తెలుగు చేసినప్పుడు తలుపున్న ఇంటి పేరు తెచ్చి తలుపులేని ఇంటికి పెట్టారు. అందుకే క్రైస్తవులు ఆ మాట అంటే వేరేవాళ్ళకు ఒకటి వినిపిస్తుంది, అనేవాళ్ళ మనసులో ఇంకోటి ఉంటుంది. తగువులు సగం ఇక్కడే పుడతాయి.

పాతాళం సంగతి ఇంకా చిత్రం. హీబ్రూలో చచ్చినవాళ్ళ లోకానికి షియోల్ అని పేరు. షియోల్‌కు పాతాళం అన్నారు. మన పురాణాల్లో పాతాళం అసలు నరకం కాదు, నాగలోకం. కింది లోకాలకు భాగవతంలో ‘బిలస్వర్గాలు’ అని పేరు! అయినా కీర్తన 139లో “నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు” అన్నచోట ఆ మాట ఎంత బాగా ఒదిగిందో.

అలాగని మనకు ఈ చిక్కు లేదనుకోకండి. గీత 9:29లో “న మే ద్వేష్యోఽస్తి న ప్రియః” (నాకు గిట్టనివాడూ లేడు, ఇష్టుడూ లేడు) అన్నవాడే 16:19లో క్రూరుల్ని ‘అజస్రం’, అంటే ఎడతెగకుండా, ఆసురీయోనుల్లోకి విసురుతానంటాడు. మీ రెండు పేజీల బాధే ఇది. బ్రహ్మసూత్రాల్లో ఈ అభియోగానికి పేరు కూడా పెట్టారు: వైషమ్యం, నైర్ఘృణ్యం. పక్షపాతం, దయలేనితనం. “వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్” (2.1.34). ఈశ్వరుడు వారివారి కర్మను బట్టి ఇస్తాడు గనక ఆ దోషాలు ఆయనకు అంటవని జవాబు. నాకైతే ఇది ఈశ్వరుణ్ణి తప్పించడమే గానీ ప్రేమను నిలబెట్టడం అనిపించదు. మధ్వాచార్యులు ఇంకా ముందుకెళ్ళి, కొందరు జీవులకు శాశ్వత అంధతమస్సే, అంటే కటిక చీకటి నరకమే, గతి అన్నారు. తలుపు అందరికీ లేదన్నమాట.

ఇంకొక్కటి. పంచమస్కంధం నరకాలతో ముగుస్తుంది. షష్ఠం మొదట్లోనే పరీక్షిత్తు అడిగేది, మనిషి ఈ నరకాలకు పోకుండా ఉండేదెలా అని. దానికి జవాబుగా వచ్చేదే అజామిళుడి కథ, కొడుకును ‘నారాయణా’ అని పిలిచి యమభటుల చేతుల్లోంచి బయటపడ్డవాడు. తెలుగులో ఇవి రెండూ పోతనవి కావు. పంచమం గంగనది, షష్ఠం సింగనది. ఒకాయన నరకం రాశాడు, ఇంకొకాయన విడుదల రాశాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మరణశిక్ష దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. మాట నుంచి సిద్ధాంతం పిండలేం. తొలినాటి క్రైస్తవ పండితుడు ఒరిజెన్ లాంటి వాళ్ళు అందరూ చివరికి చక్కబడతారని ఆశించారు. అపొస్తలుల కార్యములు 3:21లోని ‘అపొకటాస్టసిస్’ వాళ్ళకు ఆధారం. తెలుగులో దానికి “అన్నిటికి కుదురుబాటు కాలములు” అన్నారు. కుదురుబాటు! ఇంత అందమైన తెలుగుమాట ఇంకే అనువాదంలో చూశానో గుర్తులేదు. కానీ 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఒరిజెన్‌ను పేరుపెట్టి ఖండించింది. మాట అందంగా ఉన్నంతమాత్రాన వాదం గెలవదని నాకూ తెలుసు.

ఏడో శతాబ్దపు క్రైస్తవ సన్యాసి నీనెవె ఐజాక్ మాత్రం వేరే దారి పట్టాడు. గెహెన్నాలో ఉన్నవాళ్ళను కొట్టేది ప్రేమ కొరడాయే అన్నాడు. ప్రేమకు ద్రోహం చేశానన్న గుర్తింపు కంటే మించిన బాధ లేదట. పాపులకు దేవుని ప్రేమ అందదనుకోవడం తప్పంటాడు. అప్పుడు ప్రేమ ఒకవైపు, శిక్ష ఒకవైపు ఉండవు, రెండూ ఒకటే నిప్పు. ఇది బాధను తగ్గించదు. కానీ దేవుణ్ణి రెండు ముక్కలు చెయ్యదు. నాకు నచ్చిన జవాబు ఇదొక్కటే.

రెండో జవాబు ఇచ్చినవారు:
మాస్టారూ, ఐజాక్‌ను ఒప్పుకుంటా. ఆయన ధాతువుల జోలికి పోలేదు గనక.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. 25:46లో ‘శాశ్వతమైన’ తీసేసి ‘నిత్యశిక్ష’నే తిరిగి పెట్టాను, దాని కింద నిత్య అంటే రోజూ కాదని ఒక ముక్క రాశాను. యోహాను పత్రికలో ‘దండన’ తీసేసి అక్కడ కూడా ‘శిక్ష’ పెట్టాను: “భయంలో శిక్ష ఉంది.” రెండు చోట్లా ఒకే మాట ఉంటే, నాకు దొరకని జవాబు కోసం వెతికే పిల్లకు దారైనా కనబడుతుందని. మా అమ్మాయి రెండూ చదివి, “మరి ప్రేమలో భయం లేదంటే శిక్ష కూడా లేనట్టేగా?” అంది. నేను కాదనలేదు, ఔననలేదు.

మూడో జవాబు ఇచ్చినవారు:
బాగుందమ్మా. ఒక చిన్న సవరణ: ‘ప్రేమాస్వరూపి’లో దీర్ఘం అక్కర్లేదు, ‘ప్రేమస్వరూపి’ చాలు.

అడిగినవారు:
తెలుసండీ. ఆ దీర్ఘం మాత్రం తియ్యను. చిన్నప్పటి నుంచి అలాగే పలికాను.